తోటివాళ్ల ఆసరా ఫోన్లో వెతుక్కునేవారికి: వాట్సాపా, టెలిగ్రామా, మామూలు ఫోన్ కాలా?

మనసుకి జబ్బు చేస్తే డాక్టరుగారు మందు రాస్తారు. ఇంట్లోవాళ్లు వేళకి అన్నం పెడతారు. కానీ మాత్ర వేసుకున్న మర్నాడు నోరు ఎండిపోయి, చేతులు వణుకుతూ, పొద్దెక్కినా మంచం దిగబుద్ధి కాకపోతే ఎలా ఉంటుందో వాళ్లకి తెలిసే వీలు లేదు. అలాంటి ఉదయాలు దాటొచ్చినవాళ్లకే తెలుస్తుంది. వాళ్లూ మనమూ మాట్లాడుకుంటూ ఒకరికొకరు నిలబడడాన్నే పీర్ సపోర్ట్ అంటున్నారు. ఇది కొత్త సంగతేం కాదు. తాగుడు మానాలనుకున్నవాళ్లు 1935లోనే అమెరికాలో ఆల్కహాలిక్స్ అనానిమస్ పేరుతో కలిసి కూర్చోవడం మొదలుపెట్టారు. చెవిలో గొంతులు వినిపించేవాళ్లు 1987లో నెదర్లాండ్స్‌లో ఒక చోట చేరారు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అలాంటి మనిషి మన వీధిలోనే ఉండొచ్చు. కానీ తను చెప్పడు, మనమూ చెప్పం. "నరాల డాక్టరు దగ్గరికెళ్లొచ్చాం" అంటాం తప్ప అసలు జబ్బు పేరు గుమ్మం దాటదు. చెల్లెలికి కుదిరిన సంబంధం చెడుతుందేమోనని ఒకరి భయం, పనిలోంచి తీసేస్తారేమోనని ఇంకొకరి భయం. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. ఆ లెక్కన వెయ్యి మంది పెద్దవాళ్లున్న ఊళ్లో మనలాంటివాళ్లు వంద మంది ఉండాలి. కానీ ఒకరికొకరం తెలియదు.

అందుకే చాలామంది ఫోన్లో వెతుక్కుంటున్నారు. ఇచ్ఛాపురంలో ఉన్నా, గజపతినగరంలో ఉన్నా, పని కోసం గుజరాత్‌లోని వేరావల్ వెళ్లినా ఫోను చేతిలోనే ఉంటుంది. ఎందులో చేరాలన్న దగ్గరే ఆగిపోతున్నారు. నేనూ మూడ్ ఒకసారి బాగా పైకెక్కి, ఒకసారి బాగా కిందికి పడిపోయే బైపోలార్ జబ్బుకి లిథియం అనే మందు వాడుతున్నదాన్నే. ఒక చిన్న గుంపు బాగోగులు చూసుకునేవాళ్లలో నేనూ ఒకదాన్ని. నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

యాప్ పేరు కన్నా ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు గుట్టు. మీ నంబరు, పేరు, ఫొటో ఎవరికి కనిపిస్తాయి? మన దగ్గర ఇంటిపేరు చెప్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే చుట్టరికం బయటపడుతుంది. హైదరాబాద్‌లో ఇది పెద్ద సమస్య కాకపోవచ్చు గానీ, రాజాంలోనో టెక్కలిలోనో ఇదే అసలు సమస్య. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఒకే మండలంవాడైతే శ్రీకాకుళం సర్కారు ఆస్పత్రి రిమ్స్‌లో ఓపీ ఏ రోజు ఉంటుందో, వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్‌కి ఎవరిని కలవాలో చెప్పగలడు, కావాలంటే తోడు కూడా వస్తాడు. పేరు తెలియని గుంపులో అది దొరకదు. దగ్గరితనం పెరిగేకొద్దీ గుట్టు తగ్గుతుంది. ఈ రెండింట్లో మీకు ఇప్పుడు ఏది ఎక్కువ అవసరమో తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

తర్వాత చూడాల్సింది ఫోను ఎవరిదన్నది. ఇంటికంతా ఒకటే ఫోను ఉంటే, దాన్ని పిల్లలు ఆటలకి తీసుకుంటుంటే, స్క్రీన్ మీద పడే ఒక్క మెసేజ్ చాలు. ఆ తర్వాత రాయడమా, మాట్లాడడమా అన్నది. మనసు బాగోలేనప్పుడు నాలుగు లైన్లు టైపు చేయడం చదువుకున్నవాళ్లకే కష్టం. సిగ్నల్ కూడా చూసుకోవాలి. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్న సీతంపేట కొండల వైపు వీడియో కాల్ గురించి మాట్లాడడం అనవసరం.

చివరిది, ఎవరూ అడగనిది: ఆ గుంపుని ఎవరు చూసుకుంటున్నారు? రాత్రి రెండింటికి ఎవరైనా "ఇక చాలు" అని రాస్తే చూసేది ఎవరు?

మామూలు ఫోను కాన్ఫరెన్స్ కాల్

చాలామంది దీన్ని లెక్కలోకే తీసుకోరు. నా లెక్కలో ఇదే మొదట చూడాల్సింది. కీప్యాడ్ ఫోనున్నా చాలు, నెట్ అక్కర్లేదు. ఒకరు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కలుపుతూ పోతే మామూలుగా ఐదుగురి దాకా కలుస్తారు. ఇలాంటి మాటలకి ఆ సంఖ్య సరిగ్గా సరిపోతుంది. ఎవరి వంతు వచ్చేసరికి వాళ్లు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. మాట్లాడింది స్క్రీన్ మీద మిగలదు కాబట్టి తర్వాత ఇంట్లో ఎవరూ చదవలేరు.

ఇబ్బందులూ ఉన్నాయి. కలిపే మనిషి ఒక్కరే కావడంతో ఆ మనిషి ఓ వారం నీరసపడితే కాల్ ఆగిపోతుంది. అందరి నంబర్లూ కలిపే మనిషి దగ్గర ఉండాల్సిందే కాబట్టి గుట్టు ముఖ్యమనుకునేవాళ్లకి పనికిరాదు. అర్ధరాత్రి ఆసరా దొరకదు. ఇది వారానికి ఒకసారి, ఒక వేళ పెట్టుకుని మాట్లాడుకునే పద్ధతి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇల్లు సద్దుమణిగాక పెట్టుకుంటే ఎక్కువ రోజులు నడుస్తుంది.

వాట్సాప్ గ్రూపు

అందరి దగ్గరా ఉంది, అందరికీ వాడడం తెలుసు. దీని అసలు బలం వాయిస్ మెసేజ్. ఒక రాత్రి మా గుంపులో వేరావల్ నుంచి ఒక తమ్ముడు పెట్టాడు. వెనక ఎవరో హిందీలో కేకలేస్తున్నారు, ఏదో ఇంజను ఆడుతోంది. "అక్కా, మూడ్రోజులై నిద్దర నేదు. మాత్రలు అయిపోనాయి. ఈళ్లెవరికీ సెప్పలేను. ఏటి సెయ్యమంటావు?" అన్నాడు. నేను చూసేలోపే పలాస వైపు నుంచి ఒక పెద్దాయన జవాబిచ్చేశారు. "నాయనా, ఇంటికి ఫోన్ చేసి పాత చీటీ ఫొటో తీసి పంపమను. పొద్దున్నే అది పట్టుకుని అక్కడి సర్కారు ఆస్పత్రికెళ్లు. నాకూ సూరత్‌లో ఇలాగే అయింది." ఆ తమ్ముడు పెద్దగా చదువుకోలేదు. రాయాల్సి వస్తే ఆ రాత్రి ఆ మాట వచ్చేది కాదు. మన యాసలో అడిగితే మన యాసలోనే జవాబు వచ్చింది. ఏ పెద్ద గుంపులోనూ ఇది దొరకదు.

గుట్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం వాట్సాప్ బలహీనం. గ్రూపులో చేరిన ప్రతివాళ్లకీ మీ నంబరు కనిపిస్తుంది. మెసేజ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తాయి కాబట్టి బయటివాళ్లు చదవలేరు, నిజమే. కానీ మనకి భయం బయటి హ్యాకర్ల గురించి కాదు, గ్రూపులో ఉన్న పక్కూరి మనిషి తీసే స్క్రీన్‌షాట్ గురించి. దాన్ని ఏ ఎన్‌క్రిప్షనూ ఆపదు. అందుకే డీపీలో సొంత ఫొటో తీసేయండి. చాట్ లాక్ పెట్టుకోండి. మెసేజ్‌లు ఏడు రోజుల్లో వాటంతటవే పోయేలా డిసప్పియరింగ్ సెట్టింగ్ పెట్టమని అడ్మిన్‌ని అడగండి. మిమ్మల్ని ఎవరుపడితే వాళ్లు గ్రూపుల్లో కలిపేయకుండా ప్రైవసీలో 'నా కాంటాక్టులు' అని మార్చుకోండి.

ఇంకో చిన్న విషయం, కానీ మనసుకి పెద్దదే. గ్రూపులో మీ మెసేజ్ ఎవరు చదివారో 'ఇన్ఫో' నొక్కితే తెలిసిపోతుంది. రీడ్ రిసీట్స్ ఆపేసుకున్నా గ్రూపులకి అది వర్తించదు. డిప్రెషన్‌లో ఉన్నప్పుడు "తొమ్మిది మంది చూశారు, ఒక్కరూ పలకలేదు" అన్న ఆలోచన ఎంత లోపలికి దిగుతుందో అనుభవించినవాళ్లకే తెలుసు. చూసినవాళ్లు ఏమీ రాయలేకపోయినా కనీసం ఒక గుర్తు పెట్టాలని మంచి గుంపులు నియమం పెట్టుకుంటాయి. గుడ్ మార్నింగ్ బొమ్మలు, రాజకీయాలు, దేవుడి ఫార్వర్డులు వద్దనడం కూడా అంతే ముఖ్యం. వాటి కింద అసలు మాట కొట్టుకుపోతుంది.

టెలిగ్రామ్, సిగ్నల్

పేరు, నంబరు తెలియకూడదు అనుకుంటే వీటి వైపు చూడాలి. టెలిగ్రామ్‌లో యూజర్‌నేమ్‌తో తిరగొచ్చు, నంబరు దాచుకోవచ్చు. కానీ దాచమని మనమే చెప్పాలి. ప్రైవసీలో ఫోన్ నంబరు దగ్గర 'ఎవరికీ వద్దు' అనీ, నంబరుతో నన్ను ఎవరు కనుక్కోవచ్చు అన్న చోట 'నా కాంటాక్టులు' అనీ పెట్టుకోండి. మీరు కొత్తగా టెలిగ్రామ్ పెట్టుకుంటే మీ నంబరు దాచుకున్నవాళ్లకి "ఫలానావారు చేరారు" అన్న కబురు వెళ్లొచ్చు. ఏ గ్రూపులో చేరారో దాంట్లో ఉండదు గానీ, "ఎందుకు పెట్టావు?" అని బావగారో వదినో అడిగితే ఏం చెప్పాలో ముందే అనుకోండి. టెలిగ్రామ్ గ్రూపులకి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఇంకెవరూ చదవలేని ఏర్పాటు, ఉండదు. పెద్ద గ్రూపుల్లో ముక్కూముఖం తెలియనివాళ్లు నేరుగా మెసేజ్ పెట్టి పెట్టుబడి కబుర్లు, వైద్యం కబుర్లు చెప్తారు. నీరసంలో ఉన్న మనిషిని వలలో వేయడం వాళ్లకి తేలిక.

సిగ్నల్ యాప్‌లో ఆ ఎన్‌క్రిప్షనూ ఉంది, 2024 నుంచి నంబరు దాచే వీలూ ఉంది. గుట్టు విషయంలో దీన్ని మించింది లేదు. మన ఊళ్లలో వాడేవాళ్లు దాదాపు లేకపోవడమే చిక్కు. కాలేజీ పిల్లలు నలుగురైదుగురు అనుకుని మొదలుపెట్టుకుంటే బాగుంటుంది.

జూమ్, గూగుల్ మీట్ సమావేశాలు

వారానికోసారి, ఒక వేళకి, ఒకరు నడిపిస్తూ మాట్లాడుకునే పద్ధతికి ఇవి నప్పుతాయి. తాగుడు మానుకునేవాళ్లకి ముఖ్యంగా. ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు ఆన్‌లైన్‌లోనూ జరుగుతాయి. డబ్బు కట్టకుండా వాడితే జూమ్ 40 నిమిషాలకి, మీట్ ముగ్గురూ అంతకన్నా ఎక్కువమందీ ఉంటే 60 నిమిషాలకి ఆగిపోతాయి. జూమ్‌లో చేరేటప్పుడు పేరు మార్చుకోవచ్చు. మీట్‌లో మీ జీమెయిల్ పేరు కనిపిస్తుంది.

వీడియో తప్పనిసరి అనే గుంపులో చేరొద్దు. స్నానం చేసి, బట్టలు మార్చుకుని కెమెరా ముందు కూర్చోవడమే కొండెక్కినంత పనయ్యే రోజులు మనకుంటాయి. ఆ రోజుల్లోనే కదా ఆసరా కావాలి!

ఒకరికొకరు, ఇద్దరే

గుంపు కాదు, ఒక జంట. ఒకరు కోలుకుని కొన్నేళ్లయినవాళ్లు, ఇంకొకరు ఈమధ్యే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినవాళ్లు. వారానికి రెండు ఫోన్లు. గుట్టుకీ దగ్గరితనానికీ ఇది మధ్యస్థంగా ఉంటుంది. చాలామంది నిజంగా నిలదొక్కుకునేది ఇలాంటి చోటే అని నా నమ్మకం. కాకపోతే ఒకరి మీద ఒకరు పూర్తిగా వాలిపోయే ప్రమాదం ఉంది. డబ్బు అప్పు అడగకూడదు, ఇవ్వకూడదు. ఆడవాళ్లకి ఆడవాళ్లే జంటగా ఉంటే ఇంట్లో మాట పడదు. ఇద్దరూ వేర్వేరు మండలాలవాళ్లయితే ఇంకా మంచిది.

ఫేస్‌బుక్ గ్రూపుల గురించి ఒక్క మాటే. మీ ప్రొఫైల్, మీ పెళ్లి ఫొటోలు, మీ మేనమామ కామెంట్లు అన్నీ అక్కడే ఉంటాయి. వద్దు. ఇక చాట్‌బాట్‌తో మాట్లాడితే కాస్త మనసు తేలికపడొచ్చు గానీ, దానికి జబ్బు రాలేదు, అది మాత్ర మింగలేదు. తోటి మనిషి లెక్కలోకి రాదు.

| | గుట్టు | రాయడం అవసరమా | నెట్ | రాత్రివేళ | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|---|
| కాన్ఫరెన్స్ కాల్ | తక్కువ | లేదు | అక్కర్లేదు | లేదు | పెద్దవాళ్లు, కీప్యాడ్ ఫోనున్నవాళ్లు |
| వాట్సాప్ చిన్న గ్రూపు | తక్కువ | వాయిస్ చాలు | కొంచెం | కొంతవరకు | వలస వెళ్లినవాళ్లు, మన యాసలో మాట్లాడాలనుకునేవాళ్లు |
| టెలిగ్రామ్ | సెట్టింగ్ మార్చుకుంటే ఎక్కువ | ఎక్కువగా | కొంచెం | కొంతవరకు | ఎవరికీ తెలియకూడదనుకునేవాళ్లు |
| సిగ్నల్ | చాలా ఎక్కువ | ఎక్కువగా | కొంచెం | కొంతవరకు | ముందే పరిచయమున్న విద్యార్థులు |
| జూమ్, మీట్ | జూమ్‌లో పేరు మార్చుకుంటే ఎక్కువ | లేదు | బాగా కావాలి | లేదు | తాగుడు మానుకునేవాళ్లు, వేళ ప్రకారం నడవాలనుకునేవాళ్లు |
| ఇద్దరే | మధ్యస్థం | లేదు | అక్కర్లేదు | మాటను బట్టి | కొత్తగా ఆస్పత్రి నుంచి వచ్చినవాళ్లు |

మీ పరిస్థితిని బట్టి

ఇంటికంతా ఒకే ఫోనున్న కోడలికి గ్రూపులేవీ వద్దు. ఒక ఆవిడతో జంట, మధ్యాహ్నం వేళ మామూలు కాల్. "డ్వాక్రా పని మీద ఫోను" అంటే ఎవరూ అడగరు. ఇది అబద్ధం కదా అనిపించొచ్చు. ఇంట్లో ఒక్కరికైనా నిజం చెప్పగలిగే రోజు వచ్చేదాకా ఆవిడ తన్ను తాను కాపాడుకోవడం తప్పు కాదు.

పని కోసం హైదరాబాదో చెన్నయ్యో వెళ్లినవాళ్లకి వాట్సాప్ చిన్న గ్రూపే. ఊరివాళ్లున్న గ్రూపు కాకుండా, పక్క జిల్లావాళ్లున్నది చూసుకోండి. శ్రీకాకుళంవాళ్లకి విజయనగరం గుంపు, విజయనగరంవాళ్లకి శ్రీకాకుళం గుంపు. యాస దగ్గర, చుట్టరికం దూరం.

ఎవరో తన ఫోను వింటున్నారు, మెసేజ్‌లు చదువుతున్నారు అని అనుమానాలొచ్చే జబ్బున్నవాళ్లకి ఫోను ఆసరా ఒక్కోసారి బెడిసికొడుతుంది. పదిమంది ఒకేసారి రాస్తుంటే అనుమానం ముదురుతుంది. వాళ్లు బాగున్న రోజుల్లో మొదలుపెట్టి, నమ్మకమున్న ఒకే మనిషితో ఉండడం మేలు. వీలైతే ఎదురెదురుగా కూర్చోవడమే మంచిది.

బైపోలార్‌లో మూడ్ పైకెక్కినప్పుడు నిద్ర లేకుండా రాత్రంతా రాయబుద్ధవుతుంది. దాచుకోవాల్సినవి కూడా రాసేస్తాం. పెట్టిన మెసేజ్‌ని అడ్మిన్ తీసేయగలిగే చోటే ఉండండి. వాట్సాప్‌లో అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా తొలగించగలరు.

ఇంట్లోవాళ్లకి వేరే గుంపు కావాలి. తల్లీ కొడుకూ ఒకే గ్రూపులో ఉంటే ఇద్దరూ నిజం చెప్పరు.

గుంపు చేయకూడనివి

మందుల పేర్లు, మోతాదులు చెప్పుకోకూడదు. "నాకు సగం మాత్రతోనే తగ్గింది, నువ్వూ తగ్గించు" అన్న మాట ఎంత ప్రేమగా అన్నా ప్రమాదమే. లిథియమే తీసుకోండి. అది బయటికి పోయేది కిడ్నీల ద్వారా. రక్తంలో ఎంత ఉందో, కిడ్నీలు ఎలా ఉన్నాయో పరీక్షలు చేయించుకుంటూ వాడాలి. బాగా చెమట పట్టి ఒళ్లు ఎండినా, కొన్ని రకాల నొప్పి మాత్రలు తోడైనా రక్తంలో అది పెరిగిపోతుంది. ఉద్దానంలో ఎన్ని ఇళ్లలో కిడ్నీ జబ్బుందో మనకి తెలుసు. జీడితోటలో పనిచేసి సాయంత్రం ఒళ్లు నొప్పులకి కిళ్లీకొట్లో మాత్ర కొనుక్కునే మనిషికి గ్రూపులో ఎవరో చెప్పిన సలహా ప్రాణం మీదికి తేగలదు. పరీక్షకి వెళ్లమని గుర్తు చేయండి, తోడు వెళ్లండి. అంతవరకే.

తోటివాళ్ల ఆసరా వల్ల ఆశ, ధైర్యం పెరుగుతాయని పరిశోధనల్లో కొంత కనిపించింది. మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సిన అవసరం తగ్గుతుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదు. కాబట్టి ఇది మందుకి బదులు రాదు.

చనిపోవాలనే మాట వచ్చినప్పుడు గుంపు ఒంటరిగా మోయకూడదు. టెలీ మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. ఉచితం, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఫోనెత్తేది కౌన్సిలర్లు, అవసరమైతే డాక్టర్లకి కలుపుతారు. ఒంటికి ప్రమాదం జరిగిపోయి ఉంటే 108. పోలీసు కేసవుతుందని కొందరు అంబులెన్స్ పిలవడానికే జంకుతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, వేరేలా రుజువైతే తప్ప, ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

అదే చట్టంలోని 23వ సెక్షన్ మీ విషయం బయటికి చెప్పకూడదన్న బాధ్యత డాక్టర్ల మీద, వైద్య సిబ్బంది మీద పెట్టింది. గ్రూపు సభ్యులు దాని కిందికి రారు. అక్కడ ఉన్నది ఒకరి మీద ఒకరికున్న నమ్మకమే. ఈ తేడా గుర్తుంటే మొదటి నెలలోనే అన్నీ చెప్పేయరు.

చేరే ముందు అడ్మిన్‌ని అడగాల్సినవి

ఎంతమంది ఉన్నారు? పది పన్నెండు మందికి మించితే ఎవరి గొంతు ఎవరిదో తెలియదు. అడ్మిన్లు ఎంతమంది? కనీసం ఇద్దరుండాలి. మనలో ఎవరికైనా జబ్బు తిరగబెట్టొచ్చు, అడ్మిన్‌కి కూడా. అప్పుడు ఇంకొకరు పగ్గాలు అందుకోవాలి.

సభ్యులు బాగున్నప్పుడే ముందస్తు మాట ఇచ్చిపుచ్చుకున్నారా? మా గుంపులో చేరిన ప్రతి ఒక్కరూ మూడు సంగతులు చెప్పి ఉంచుతారు. జబ్బు తిరగబెట్టే ముందు నాలో కనిపించే గుర్తులు ఇవీ, అప్పుడు మీరు ఫోన్ చేయాల్సింది మా ఇంట్లో ఫలానా మనిషికి, నేను వద్దని తిట్టినా సరే చేయండి. విజయనగరంలో ఒకావిడ చెప్పిన గుర్తు ఇది: "పైడితల్లమ్మ జాతరకి నెల ముందే ఇల్లంతా సున్నం కొట్టించడం మొదలెట్టి, రాత్రిళ్లు కూడా ఆపకపోతే మా చిన్నాడికి ఫోన్ చెయ్యండి." డాక్టరుగారి చీటీలో ఈ గుర్తు ఉండదు. ఆవిడ చెప్పబట్టే మాకు తెలిసింది, ఒకసారి సరిగ్గా అలాగే చేయాల్సి వచ్చింది, వాళ్లబ్బాయి వేళకి వచ్చాడు.

ఇలాంటి మాట తీసుకుంటారా అని అడగండి. "అదేమిటి?" అని అడిగితే వివరించండి, బహుశా వాళ్లూ మొదలుపెడతారు. "అవన్నీ ఎందుకండీ, పాజిటివ్‌గా ఉంటే చాలు" అన్నారంటే ఇంకో గుంపు చూసుకోండి.